చెరువు గట్టు మీద చివరి అధ్యాయం

పుష్పలత మధ్యాహ్నం పూట గట్టిగా చదవడం మొదలుపెడితే పక్కింటివాళ్లు టీవీ సౌండు తగ్గిస్తారు. ఏలూరు పవర్‌పేటలో ఆ వీధికి ఇది అలవాటే. ఒకరోజు హీరోయిన్ ఏడుస్తుంది, ఇంకోరోజు హీరో క్షమించమంటాడు. ఎదురింటావిడ కూరగాయల బండి దగ్గర నిలబడి, "నిన్నటి పిల్లకి పెళ్లైందాండీ?" అని అడుగుతుంది. "అది వేరేవాళ్ల పిల్లండీ, నేను దిద్దుతున్నానంతే" అంటుంది పుష్పలత.

ఆమె చేసే పనులు రెండు. తాడేపల్లిగూడెంలో వీర్రాజు అనే ఆయన ప్రచురణ సంస్థ నడుపుతాడు. ఆయనకు వచ్చే ప్రేమ నవలలన్నీ అచ్చుకు ముందు పుష్పలత చేతిమీదుగా వెళ్లాలి. ఏడాదికి రెండు నవలలు ఆమె సొంతంగానూ రాస్తుంది. అవీ ప్రేమ నవలలే, అవీ వీర్రాజే వేస్తాడు. అంతకుముందు చాలాకాలం ఓ పత్రిక డెస్కులో పనిచేసింది. పేజీ అచ్చుకి వెళ్లే వేళకి వార్త వెళ్లి తీరాలన్న భయం అక్కడ పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. మనసు బాగోలేదని ఆమె పని ఆపిన రోజు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

రెండు పనులూ కలిసిపోకుండా ఆమె ఓ ఏర్పాటు చేసుకుంది. భర్త ఫిన్నీ కలిదిండి వైపు చెరువులకు మేత పంపే పని మీద వెళ్లిపోయాక, కూతురు శాలిని కాలేజీకి బయలుదేరాక, భోజనాల బల్ల దగ్గర కూర్చుని సొంత నవల రాస్తుంది. వంట అయ్యాక ముందుగదిలో మంచం మీద కూర్చుని ఇతరుల నవలలు దిద్దుతుంది. బల్ల మీద మంచం పని చెయ్యదు, మంచం మీద బల్ల పని ముట్టుకోదు. ఎవరిదైనా సరే, పూర్తయిన అధ్యాయాన్ని అత్తగారు సుందరమ్మకు వినిపిస్తుంది. సుందరమ్మ చేపలు శుభ్రం చేస్తూ వింటుంది. చెయ్యి ఆగితే సీను బాగున్నట్టు. "బాగుందమ్మా" అని మర్యాదగా అందంటే ఆ అధ్యాయం తిరగరాయాల్సిందే.

ఆ మధ్య శాలినికి పరీక్షలొచ్చాయి. పుస్తకాలతో బల్లంతా ఆక్రమించుకుంది. పిల్ల చదువు కదా అని పుష్పలత సొంత నవలను కూడా మంచం మీదకే తెచ్చుకుంది. పొరపాటు అక్కడే జరిగింది. అది పొరపాటని ఆమెకు తెలిసింది మాత్రం పరీక్షలన్నీ అయిపోయాక.

ఆరోజు ఆమె శ్యామ్ సుందర్ నవలని అచ్చుకు ముందు అత్తగారికి వినిపిస్తోంది. ఆయన చింతలపూడిలో బ్యాంకు ఉద్యోగి, ఇది మొదటి నవల. పంతొమ్మిదో అధ్యాయంలో తెల్లవారుజామున చెరువులో గాలి అందక చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. నీళ్లు చిమ్మే డీజిల్ ఇంజను ఎంతకీ అందుకోదు. హీరో హ్యాండిల్ పట్టుకుంటాడు. హీరోయిన్ పరుగున వచ్చి అతని చేతుల మీద చేతులేస్తుంది. ఇద్దరూ కలిసి తిప్పుతారు. ఇంజను అందుకుంటుంది, నీళ్లు ఎగజిమ్ముతాయి, ఆ తుంపర్లలో అతను తన మనసులో మాట చెబుతాడు.

సుందరమ్మ చెయ్యి ఆగింది.

"ఆగాగమ్మా. ఈ ఇంజను సంగతి మొన్న నీ కథలో చదివేవు కదా?"

"నా కథలోనా అత్తయ్యా?"

"ఆయ్. నీ కథ ఆఖర్లో ఇదేగా. అక్కడ పిల్ల పేరు వేరు. చేపలు మాత్రం ఇవే."

లోపల్నుంచి శాలిని నవ్వింది. "అమ్మా, నీ దగ్గర నువ్వే కాపీ కొట్టేవా?"

పుష్పలత శ్యామ్ సుందర్ మొదట పంపిన ప్రతి తెరిచింది. అక్కడ చెరువూ లేదు, ఇంజనూ లేదు. వాన కురిసింది, ఇద్దరూ తడిశారు, ప్రేమ చిగురించింది. అంతే. ఇంత పలచగా ఉంటే ఎలా అనుకుని ఆ చోట పూర్తి సీను తనే రాసిపెట్టింది. పొద్దున సొంత నవలలో రాసుకున్నదే మధ్యాహ్నం అదే మంచం మీద ఆయన నవలలోకి చేరింది. ఆయన సరేనన్నాడు. పుస్తకం రేపోమాపో అచ్చుకు వెళ్తుంది. ఆమె నవల సోమవారానికి ఇవ్వాలి. ఒకే సంస్థ, ఒకే నెల, ఒకే సీను. పేరున్న రచయిత్రి కొత్త రచయితని చూసి రాసిందంటారు.

పైగా అది ఎక్కడో విన్నది కాదు. కలిదిండి దగ్గర ఆమె తండ్రి మత్తయి కౌలుకు చేసిన చెరువు అది, హ్యాండిల్ పట్టుకున్న ఆ కుర్రాడు ఫిన్నీ, ఆ పిల్ల తను. ఎన్ని నవలలు రాసినా దాన్ని వాడకుండా దాచుకుంటూ వచ్చింది. ఈ నవల మొత్తం ఆ ఉదయం కోసమే కట్టుకుంది.

మర్నాడు ఉంగుటూరు మీదుగా వెళ్లే బస్సెక్కి గూడెం వెళ్లింది. వీర్రాజు గదిలో శ్యామ్ సుందర్ అప్పటికే ఉన్నాడు. బల్ల మీద కొత్త పుస్తకం అట్ట బొమ్మ ఉంది. ఇంజను హ్యాండిల్ మీద నాలుగు చేతులు.

"రండి మేడమ్. చూడండి, మీరు మెచ్చుకున్న సీనే అట్ట మీదకెక్కింది" అన్నాడు శ్యామ్ సుందర్.

పుష్పలత కూర్చుంది. "మీరు చేపల చెరువులు బాగా చూసేరాండీ?"

"ఎక్కడండీ! మాదంతా పామాయిల్ తోటలు కదా. కైకలూరు వెళ్లినప్పుడు బస్సు కిటికీలోంచి చూసేను. కానీ ఆ సీను రాస్తుంటే నా చెయ్యి ఆగలేదండీ."

ఆయన అబద్ధమాడటం లేదు. అది ముఖం చూస్తేనే తెలుస్తోంది. దిద్దిన ప్రతిని పదిసార్లు చదువుకుని తనదే అనుకుంటున్నాడు. బాగా దిద్దడమంటేనే అది. ఇన్నేళ్లుగా పుష్పలత దాన్నే గొప్పగా చెప్పుకుంటూ వచ్చింది.

"ఆ సీను తీసేసి మీ మొదటి వాన సీనే ఉంచితే ఎలా ఉంటుందంటారు?" అంది మెల్లగా.

"అమ్మో, వద్దండీ!" ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "మా ఆవిడ అది చదివిన దగ్గర్నుంచి నాతో మర్యాదగా మాట్లాడుతోందండీ. పెళ్లైన ఇన్నాళ్లకి!"

వీర్రాజు పగలబడి నవ్వాడు. పుష్పలతకీ నవ్వొచ్చింది. అది నేను రాసిందండీ అని ఒక్క మాట అంటే చాలు, మొదటి ప్రతి సాక్ష్యం చెబుతుంది. కానీ ఆ మాటతో ఈ గదిలో ఈయన పరువు పోతుంది. రేపు పుష్పలతకి నవల పంపే ప్రతివాడూ నాదేది, ఆవిడదేది అని వెతుక్కుంటాడు. అయినా అడక్కుండా పెట్టింది తనే. ఆ సీను ఇక ఆయనది.

"మీది సోమవారానికి వచ్చేస్తుంది కదండీ?" అడిగాడు వీర్రాజు.

"వచ్చేస్తుందండీ" అంది, చివరి అధ్యాయం చేతిలో లేకుండానే.

సాయంత్రం ఫిన్నీ వచ్చి కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చునేదాకా ఆగింది. జరిగిందంతా చెప్పింది. అతను తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటూ విన్నాడు.

"పోతే పోయిందిలే లతా. అది మనది కాదుగా."

"మనది కాదంటారేంటండీ?"

"మన ఇంజను ఎక్కడ తిరిగింది? అందుకున్నట్టే అందుకుని ఆగిపోయింది. కంగారులో డీజిల్ గొట్టం తెరవలేదు నేను. నువ్వెన్నిసార్లు చెప్పినా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. నా పరువు కాపాడుతున్నావేమో అనుకున్నాను."

నిజమే. ఏళ్ల తరబడి మనసులో చెక్కుకుంటూ పోయేసరికి ఆ ఉదయం కూడా బాగా దిద్దిన ప్రతిలా తయారైంది. ఇప్పుడు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. తెల్లగా తేలిన శీలావతి చేపలు. గట్టు మీద చెప్పు తెగిన ఫిన్నీ. మేత లెక్క చూసుకుని వెళ్లిపోవాల్సిన మనిషి ఎండెక్కేదాకా ఉండి, ఐసు కొట్టి, చచ్చిన చేపల్ని తనతో కలిసి ట్రేలలో సర్దడం. వెనక తండ్రి ఆగకుండా తిట్టడం.

"అప్పుడు మీరు నన్ను ఏమడిగేరో గుర్తుందా?"

"లేకేం. మీ నాన్నగారు తిట్టడం ఆపితే ఒక మాట అడుగుదామని చూస్తున్నానండీ అన్నాను."

"ఆయన ఆపరు, అడిగెయ్యండి అన్నాను."

"ఆ చేతుల కంపుకి మూడు రోజులు అన్నం సయించలేదు నాకు" అన్నాడు ఫిన్నీ.

"అది కూడా రాస్తాను."

"రాసుకో. ఆ మేతబ్బాయికి నా పేరు మాత్రం పెట్టకు."

మర్నాడు పొద్దున బల్ల దగ్గర కూర్చుని భోజనాల వేళకి అధ్యాయం పూర్తిచేసింది. తుంపర్లు లేవు, చేతుల మీద చేతులూ లేవు. బతికిన చేపలు కొన్నే. మధ్యాహ్నం చదువుతుంటే సుందరమ్మ చెయ్యి ఆగడమే కాదు, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి గట్టిగా అడిగింది.

"అంటే గొట్టం తెరవంది మావాడా? ఇన్నాళ్లూ మీ నాన్నగారి ఇంజనే పాతదనుకున్నానే! చర్చిలో అందరితోనూ అదే చెప్పేనమ్మాయ్!"

సోమవారం ఉదయమే నవల వీర్రాజుకి చేరింది. మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"చదివేనండీ. ఆఖరిది బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆయన దాంట్లోనూ చెరువు, మీ దాంట్లోనూ చెరువు. అక్కడా ఇంజను, ఇక్కడా ఇంజను. మీది రెండు నెలలు ఆపి వేద్దామా?"

"ఆపొద్దండీ. రెండూ కలిపే వెయ్యండి."

"జనం పోల్చి చూస్తారండీ."

"చూడనివ్వండి. ఆయన ఇంజను తిరుగుద్ది, నా ఇంజను ఆగిపోద్ది. ఏ ఇంజను దగ్గర కుదిరిన పెళ్లి నమ్మాలో వాళ్లే తేల్చుకుంటారు."