మూడు నెలల పాసు

ఎనభైల మొదట్ల నేను జనగామ నుంచి వరంగల్‌కు రోజూ రైల్ల పోయివచ్చేటోన్ని. ఒకనాడు పొద్దున టికెట్ల కిటికీ కాడ ఒక ముసలి సేటు నా చేతిల పాసు చూసి ఆగిండు. ఆయన చేతిల టిఫిన్ గిన్నె. భార్య వరంగల్ దవాఖానల ఉన్నదట.

"రోజూ పోవాలె తమ్మీ. రైలు పాసు మంచిదా, బస్సు పాసా?"

"బస్సు దవాఖాన ముంగటనే ఆగుతది సేటూ. కాని రైలు పాసు చౌక. మూడు నెలలది తీసుకుంటే ఇంకా కలిసొస్తది" అన్న, అన్నీ తెలిసినోని లెక్క.

ఆయన టిఫిన్ గిన్నె ఈ చేతిలకెల్లి ఆ చేతిలకు మార్చుకున్నడు.

"మూడు నెలలా? డాక్టరు నెల కూడా చెప్తలేడు తమ్మీ."

వెనక లైన్లున్నోళ్లు జరుగుమన్నరు. ఆయన కిటికీల చెయ్యి పెట్టి మూడు నెలల పాసే అడిగిండు. అంగీ లోపలి జేబుల పెట్టుకొని, వరంగల్ దాకా దాని మీదికెల్లి చెయ్యి తియ్యలే.

కొన్నాళ్లు నేనెక్కే రైలు డబ్బాలనే, ఒళ్లె టిఫిన్ గిన్నెతోని కనిపించిండు. నెల తిరగకముందే కనిపించుడు బందైంది.

దవాఖాన ముంగటనే ఆగుతదని బస్సుకు మారిండనుకున్న. ఇప్పటికీ అట్లనే అనుకుంట.