బుద్ధిని నమ్ముకున్న మామయ్యగారు

పోయిన వారం బస్సులో పై డెక్కులో కూర్చుని వస్తుంటే, ఎడిన్‌బర్గ్ న్యూ టౌన్‌లో సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. నా ముందు సీట్లో ఎవరో ఊరు చూడవచ్చిన దంపతులు, ఎదుటి మేడ వైపు చెయ్యి చూపించి వాదించుకుంటున్నారు. ఆ మేడకి వరసగా ఉన్న కిటికీల్లో ఒకటి అసలు కిటికీయే కాదు. చట్రమూ గట్టూ అన్నీ ఉన్నాయి, అద్దం ఉండాల్సిన చోట మాత్రం నల్లరంగు వేసిన రాయి. ఒకప్పుడు కిటికీలకి వేసిన పన్ను తప్పించుకోడానికి మూసేసి ఉంటారని ఆయన, కాదని ఆవిడ. అది మూసిన కిటికీ కాదండీ, మొదటినుంచీ గోడే, అటు ఎన్ని ఉంటే ఇటూ అన్ని కనబడాలని కట్టినవాళ్ళ పట్టుదల, అని చెబుదామనుకున్నాను. మా మామయ్యగారు నాకు అలాగే చెప్పారు. నోరు తెరిచాను గాని, ముందు కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. ఈలోగా బస్సు కదిలిపోయింది.

మా మామయ్యగారు తెనాలి దగ్గర ఒక కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. గట్టి హేతువాది. మా పెళ్ళిలో పీటల మీద కూర్చోనని భీష్మించుకుంటే, మా అత్తగారు పోరి పోరి విసిగిపోయి, మరిదినీ తోడికోడలినీ కూర్చోబెట్టారు. ఈయన మొదటి వరసలో పేపరు చదువుకుంటూనే, సమయానికి లేచి మా మీద అక్షింతలు మాత్రం వేశారు. "బియ్యమేగా, వేస్తే ఏం పోయింది" అన్నారట పక్కాయనతో. నా సంగతి దీనికి పూర్తిగా ఎదురు. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. మా తాతయ్యే ఇంట్లో పద్యాలూ స్తోత్రాలూ కాసిని లెక్కలూ నేర్పారు. ఆయనకి నేను పడ్డ రుణం ఈ జన్మకి తీరదు గాని, ఐరోపా అంటే మాత్రం నాకు అట్లాసులో ఒక రంగు, అంతే. అత్తగారు పోయాక మామయ్యగారు మా దగ్గరికి వచ్చేశారు. మా ఆయన హాస్పిటల్లో డాక్టరు, డ్యూటీల రోటా ఏ వారం ఎలా ఉంటుందో ఆయనకే తెలియదు. పాప స్కూలుకి వెళ్ళిపోయేది. పగలంతా ఆ ఫ్లాటులో దేవుణ్ణి నమ్మిన నేనూ, నమ్మని ఆయనా మిగిలేవాళ్ళం.

శుక్రవారం పూటా నేను సాంబ్రాణి వేశానంటే హాల్లో స్మోక్ అలారం కుయ్యోమనేది. మామయ్యగారు విసుక్కుంటూ వచ్చి, కుర్చీ ఎక్కి, చదువుతున్న పేపరు మడిచి దాని కింద విసిరేవారు. "స్వామికి వింజామర వీస్తున్నారు మామయ్యగారూ, పుణ్యం ఊరికే పోదు" అనేదాన్ని. "కింది ఫ్లాట్ ముసలావిడ చెవులు కాపాడుతున్నానమ్మాయ్. మీ స్వామిని మధ్యలో దూర్చకు" అనేవారు. పాప ఇంట్లో ఉందంటే "తాతా, యూ లుక్ లైక్ ఎ ప్రీస్ట్!" అని పకపకా నవ్వేది. ఆయన మాత్రం మరుసటి శుక్రవారం నేను అగ్గిపుల్ల గీయకముందే కుర్చీ తెచ్చి పెట్టుకునేవారు.

మధ్యాహ్నం వాన లేకపోతే న్యూ టౌన్‌లో నడకకి వెళ్ళేవాళ్ళం. కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటాయి ఆ వీధులు. ఆయన నడుస్తూనే పాఠం చెప్పేవారు, చలికి నోట్లోంచి ఆవిర్లు వస్తుండగా. ఒకప్పుడు ఈ దేశాల్లో రాజు మాటే దేవుడి మాట. నేరం ఒప్పించడానికి వేళ్ళు నలగ్గొట్టడం న్యాయస్థానం పనే. వేరే మతంవాడు ఊళ్ళో ఉండాలంటే భయం. అప్పుడు కొందరు కూర్చుని 'ఎందుకు' అని అడగడం మొదలుపెట్టారు. రాజు ఎందుకు, పన్ను ఎందుకు, ఈ శిక్ష ఎందుకు. మనిషి బుద్ధికి అందని చట్టం మనిషి మీద చెల్లదన్నారు. ఆ మాటలు చదివి కొందరు రాజులే చిత్రహింసలు మాన్పించారు, బడులు తెరిచారు, ఎవరి మతం వాళ్ళు చేసుకోనిచ్చారు. మరోచోట జనం రాజునే దింపేశారు. ఆ ఊపులో ప్యారిస్‌లో పెద్ద చర్చిని బుద్ధిదేవతకి ఆలయం చేసి, ఒక స్త్రీని దేవతలా అలంకరించి కూర్చోబెట్టారని చెప్పినప్పుడు నేను నడిరోడ్డు మీద ఆగిపోయాను. "బుద్ధికీ గుడి కట్టారా? హారతి ఎవరిచ్చారు మామయ్యగారూ?" ఆయన అంత గట్టిగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు. "అక్కడే బోల్తా పడ్డారమ్మాయ్" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

ఆస్ట్రియా చక్రవర్తి కథ కూడా ఆ నడకల్లోనే విన్నాను. మహా సంస్కర్త, జనానికి ఏది మంచిదో తానే లెక్కగట్టి చేసేసేవాడు, జనాన్ని మాత్రం అడిగేవాడు కాదు. కలప వృథా అవుతోందని, శవాన్ని గోనెసంచిలో కుట్టి పూడ్చమన్నాడు. ఊరంతటికీ వాడుకోడానికి అడుగు తెరుచుకునే పెట్టె. గొయ్యి మీద పెట్టి మీట లాగితే శవం కింద పడుతుంది, పెట్టె వెనక్కి వస్తుంది. జనం గగ్గోలు పెట్టేసరికి ఆ హుకుం వెనక్కి తీసుకోక తప్పలేదు.

ఆ చలికాలమే ఆయనకి పేగులో జబ్బు బయటపడింది. కాలేయానికి పాకింది, ఇక నెలలే అన్నారు. ఆ తర్వాత ఎండ వచ్చిన ఒకరోజు, పార్కులో బెంచీ మీద కూర్చుని, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పారు. తన శరీరం ఇక్కడి మెడికల్ విద్యార్థులకి ఇచ్చేశారట. మిగిలింది వాళ్ళే దహనం చేస్తారు, బూడిద కూడా మనకి వద్దు. కర్మ వద్దు, తద్దినం వద్దు. "మావాడు మెత్తనివాడు. చుట్టాలు నాలుగు ఫోన్లు చేస్తే కరిగిపోతాడు. నువ్వు చూసుకోవాలి."

పిండం పెట్టకపోతే ఆయన ఏ దారిన పోతారు? ఆయనకి ఆ భయం లేదు, నాకుంది. "మీరూ ఆ గోనెసంచి చక్రవర్తిలాగే ఉన్నారు. మా ఏడుపుకి కూడా హుకుమేనా?" అన్నాను, ఏడుస్తూనే.

మామయ్యగారు నా వైపు తిరిగి, "ఆయన ఊరివాళ్ళ శవాల మీద హుకుం వేశాడు. నేను నా ఒక్కడి శవం గురించి నిన్ను అడుగుతున్నాను. అడుగుతున్నానమ్మాయ్. వద్దంటే వద్దు" అన్నారు. మళ్ళీ తనే, "నీ పూజగదిలో నా గురించి ఏం చెప్పుకుంటావో అది నీ వ్యవహారం. నా పాలన అక్కడిదాకా రాదు" అన్నారు.

సరేనన్నాను. ఎలా అన్నానో ఆ స్వామికే తెలియాలి.

ఏప్రిల్లో పోయారు. తెనాలి నుంచి మా ఆయన మేనత్తగారి ఫోను: "ఏమే, మహా పూజలూ నోములూ చేస్తావుగా, మా తమ్ముణ్ణి దిక్కులేనివాడిలా పంపేస్తావా?" మా ఆయన కరగనే కరిగారు. క్రోయిడన్‌లో ఎవరో పంతులుగారి నంబరు సంపాదించి, ఫోను చేత్తో పట్టుకుని నిలబడ్డారు. "చెయ్యకండి" అన్నాను. "నువ్వా ఈ మాట అంటోంది?" అన్నారాయన నమ్మలేనట్టు. నాకు మాత్రం ఏం తెలుసు, నేనే అన్నాను. "మామయ్యగారు నన్ను అడిగారండీ. చెప్పలేదు, అడిగారు." ఆయన ఫోను బల్ల మీద పెట్టి, తన ఫస్టియర్ అనాటమీ హాలు గుర్తు చేసుకున్నారు కాబోలు, "మేం ఎవరి మీద నేర్చుకున్నామో వాళ్ళ పేర్లు కూడా తెలియవు" అన్నారు. యూనివర్సిటీ తరఫున వచ్చిన ఇద్దరు ఎంతో మర్యాదగా తీసుకువెళ్ళారు. మేనత్తగారు ఇప్పటికీ నాతో ముభావమే.

తలుపు వేసుకుని నా స్వామికి ఏం చెప్పుకున్నానో రాయను. అది ఆయన నాకు వదిలిన చోటు. దేవుడు లేడన్న మనిషి నా దేవుడి గది గడప దాటనందుకు, నన్ను ఆజ్ఞాపించక అడిగినందుకు, రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కానీ నిజం చెప్పాలంటే, మాట నిలబెట్టుకున్నానన్న తృప్తి ఆయన లేని వెలితిని తీర్చలేదు. పోయినవాళ్ళ కోసం ఏడవడానికి మనవాళ్ళు ఏడాదికో తిథి ఎందుకు పెట్టారో నాకిప్పుడు తెలుస్తోంది. ఆ ఒక్క రోజూ తలుచుకుని, వండి, వడ్డించి, మిగతా ఏడాది మన పనుల్లో మనం పడవచ్చు. మా మామయ్యగారికి తిథి లేదు. అందుకే నా ఏడాదిలో ఏ రోజు ఆయనది అవుతుందో నాకు ముందుగా తెలియదు.