ఎడమ కాలికి పనిలేని కారు

మొన్న శుక్రవారం మావాడు కొన్న కొత్త కారుకి గుడి ముందు పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాక, వాటిని తొక్కిస్తూ బండిని ముందుకు తీసేది ఇంటి పెద్దే కావాలని మా ఆవిడ పట్టు. ఆ పెద్ద నేనే. కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఏడాదిగా స్టీరింగ్ ముట్టుకోలేదు. సరిగ్గా తోలితే పద్మనాభంలో ఉన్న మా అక్క దగ్గరికి ఈ కారుని నన్నే తీసుకెళ్లనిస్తానని కొడుకు ముందురోజే మాటిచ్చాడు. తేడా వస్తే ఇక ఎప్పుడూ తాళం అడగనని నేనూ మాటిచ్చాను.

నా వయసువాళ్లకు చెప్పక్కర్లేదు, అప్పట్లో కారంటే అంబాసిడరే. గోపాలపట్నం టాక్సీ స్టాండులో ముప్ఫై ఏళ్లు అదే తోలాను. స్టీలుప్లాంటు కడుతున్న రోజుల్లో ఇంజినీర్లను, పోర్టుకొచ్చిన ఓడల వాళ్లను, పెళ్లివారిని, ఎందర్ని తిప్పానో. గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది కాబట్టి ముందు సీటు బల్లలా ఒకటే. ముగ్గురం సర్దుకునేవాళ్లం, పెళ్లి బేరమైతే నలుగురం, అప్పుడు నేను తలుపుకి అతుక్కుపోయి ఒక తొడ మీద కూర్చుని తోలేవాణ్ణి. క్లచ్ తొక్కీ తొక్కీ నా ఎడమ పిక్క కుడిదానికన్నా లావైంది, పెళ్లైన కొత్తలో మా ఆవిడ అది చూసి ఒకటే నవ్వు.

ఈ కొత్తది బొత్తాం నొక్కితే స్టార్టవుతుందట. నొక్కాను. అయిందో లేదో చప్పుడుని బట్టి తెలియలేదు, మావాడే అయిందన్నాడు. క్లచ్ లేదనీ, గేర్లు అదే మార్చుకుంటుందనీ మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ తలూపాను. నిమ్మకాయలు చితికాయి, బండి మెత్తగా కదిలింది. మలుపు దాటి కాస్త జోరందుకోగానే, రెండో గేరు వేద్దామని నా ఎడమకాలు నన్నడక్కుండానే లేచి, ఉన్న బలమంతా పెట్టి క్లచ్ తొక్కేసింది. అక్కడున్నది బ్రేకు.

కారు ఉన్నచోటే నిలబడిపోయింది. వెనక సీట్లో మా ఆవిడ ఒళ్లోని పూజ పళ్లెం ఎగిరి, కుంకుమంతా తెల్ల సీటు మీద పడింది.

"ఏటి గుద్దీసారండీ?" అని కేక వేసింది.

దేన్నీ గుద్దలేదు. వెనకున్న ఆటో అతను మాత్రం మా పెద్దలందర్నీ తలుచుకుంటూ పక్కనుంచి పోయాడు. మావాడు కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. దిగి నా వైపు వచ్చి, "నాన్నా, నువ్వు ఆ పక్కన కూకో, నాను తోల్తాను" అన్నాడు.

సిగ్గేయాలి, ఏడుపైనా రావాలి. ఏదీ రాలేదు. చాలాసేపు మఠం వేసుకు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కినట్టు మనసంతా తిమ్మిరెక్కింది. ఏసీ చల్లగా తగులుతోంది. పాత కారులో అయితే చేపల వాసన, బస్సు హారన్లు, "ఎక్కడికి బావా" అనే స్టాండు వాళ్ల కేకలు అన్నీ లోపలికొచ్చేవి. ఇప్పుడు అద్దాలవతల బజారంతా చప్పుడు లేకుండా పోతోంది. ఎవరైనా పిలిచారేమో, నాకు వినబడలేదు. అక్కకు ఏం చెప్పాలా అని ఆలోచించబోయాను, అదీ తోచలేదు.

ఇంటి ముందు ఆగాం. దిగుదామని చూస్తే తలుపు తీసే పిడి ఎక్కడుందో దొరకలేదు. ఊళ్లో ఎందరు పెద్దమనుషులకో నేనే ముందు దిగి, చుట్టూ తిరిగొచ్చి తలుపు తీసి నిలబడ్డాను. ఇప్పుడు మావాడు వచ్చి తీసేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.