రెండు గీతలెక్కువ

మొన్న అలమారా సర్దుతుంటే బాపు పాత కళ్లజోడు డబ్బా చేతికొచ్చింది. మూత తీయగానే మిషన్ ఆయిల్, ఇత్తడి కలిసిన వాసన గుప్పుమంది. అంతే, నేను మళ్లీ తొమ్మిదేళ్ల పిల్లనైపోయాను. ఆ డబ్బాలో కళ్లజోడు ఏనాడూ లేదు. ఉండేది బాపు వెర్నియర్, వెంట్రుక మందం తేడా కూడా చూపే దవడల కొలబద్ద.

ఉప్పుగూడ స్టేషన్ దగ్గర మా ముందు గదిలో ఇనుము, ఇత్తడి కోసే లేత్ మిషన్, వెనక గదిలో సంసారం. రైలు పోతే గిన్నెలు గలగలమనేవి, మిషన్ తిరిగితే మంచం వణికేది. బోనాలకు అమ్మ గారెలు చేస్తే, అవి చల్లారకముందే వెర్నియర్ పెద్ద దవడలతో గారె వెడల్పు, పైనున్న చిన్న దవడలతో గారె బొక్క కొలిచి, గోలీలు కొలిచి, నిద్రపోతున్న బాపు ముక్కు కూడా కొలిచేదాన్ని. బాపు తిట్టేవాడు కాదు. ఒక్కటే మాట చెప్పేవాడు: "ముందుగాల దవడలు మూసి చూడు బిడ్డా. సున్న, సున్న కలిస్తెనే అది నిజం చెప్తది."

ఆ ఏడు బోనాలు అయిపోయి, రంజాన్ రాబోతోంది. వానకు తడిసి, మా వాకిట్లో బాదం చెట్టు కింద కాయలు ఎర్రగా రాలి ఉన్నాయి. రాయి దొరక్క, వెర్నియర్‌తోనే నాలుగు కాయలు పగలగొట్టి పప్పు తిన్నాను. తుడిచి డబ్బాలో పెట్టేశాను.

ఆ మధ్యాహ్నమే బార్కస్ నుంచి గౌస్ చాచా వచ్చాడు. ఆయన పిండి గిర్నీలో కడ్డీ తిరిగే ఇత్తడి గొట్టం, అదే బుష్, అరిగిపోయింది. గల్లీ అంతా రంజాన్‌లో వండే హరీస్ కోసం గోధుమలు తెచ్చి వరసలో పెట్టారట. కడ్డీ కొలత చీటీ మీద రాసుకొచ్చాడు, ఇరవై ఐదు మిల్లీమీటర్లు. పొట్లంలో వేడి వేడి ఖీమా లుఖ్మీలు కూడా తెచ్చాడు. తింటూ, నవ్వుకుంటూ, ఆ ఒక్క రోజే బాపు సున్న చూడకుండా బుష్ కోసిచ్చాడు.

గంటలో చాచా తిరిగొచ్చాడు, ఈసారి కడ్డీ భుజాన వేసుకుని.

"నహీ ఘుస్రా మియా! లోపటికి పోతలేదు."

బాపు బుష్‌ను మళ్లీ కొలిచాడు. సరిగ్గా ఇరవై ఐదు. కడ్డీ మాత్రం బుష్ మూతి దగ్గరే ఆగిపోతోంది. బాపు మిషన్ ఆపేసి తన చేతివేళ్ల వైపు చూసుకున్నాడు.

"చెయ్యి పోయినట్టుంది భాయ్. ఇంకెవరితోనన్న చేపిచ్చుకో."

ఆ మాటకు నేను ఉరికి వచ్చి బాపు ముందు నిలబడ్డాను. బాపు చెయ్యి తప్పడమేంటి?

"నీ చెయ్యి గాదు బాపు! నేనే... దానితోని బాదం కాయలు కొట్టిన."

బాపు దవడలు మూశాడు. వెలుతురుకు పట్టి చూశాడు. గీతలున్న చిన్న రేకు పక్కకు జరిగింది. దవడలు పూర్తిగా మూసినా రెండు గీతలు ఎక్కువ చూపిస్తోంది. రెండు మూడు వెంట్రుకల మందమంత తేడా! నేను ఏడవడానికి సిద్ధంగా ఉంటే బాపు పకపకా నవ్వాడు.

"నా చెయ్యి మంచిగనే ఉన్నది భాయ్! అబద్ధమాడింది గిది!"

"నీ పోరి బాదం తిన్నది, మా గల్లీకి హరీస్ బంద్ చేసింది," అన్నాడు చాచా, నా జడ లాగుతూ.

బాపు వెర్నియర్‌లో ఇరవై ఐదు మీద రెండు గీతలు ఎక్కువ కనబడేదాకా బుష్ లోపల కోశాడు. కడ్డీ వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది. రేకు మరలు అరిగిపోయి, దాన్ని సరిచేయడానికి కుదరలేదు. "రోజూ గంతే అబద్ధమాడుతది గద, గంత తీసేస్తె అయిపాయె," అన్నాడు. నాకు పడిన శిక్ష ఒక్కటే: రోజూ పొద్దున దవడలు మూసి చూసి, తేడా ఎంతో గట్టిగా అరిచి చెప్పాలి. నాకది పండగే!

ఇప్పుడు ఆ ముందు గదిలో మొబైల్ కవర్ల దుకాణం. బాదం చెట్టు లేదు, చాచా గిర్నీ మూతపడింది. నేను వెర్నియర్ దవడలు మూసి కిటికీ వెలుతురుకు పట్టాను.

"బాపు! రెండు గీతలెక్కువ!"

లోపల టీవీ గొంతు తగ్గింది.

"తీసెయ్ బిడ్డా!"