తువ్వాలు వేసిన మిషను

నా చిన్నప్పుడు మా ఉదయగిరి బస్టాండులో యుద్ధాలన్నీ తువ్వాలుతోనే మొదలయ్యేవి. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరితే ఆ సీటు మనది. దాని మీద ఎవరైనా కూర్చుంటే వాళ్ళ తాతల దగ్గర్నుంచి మొదలుపెట్టి తిట్టవచ్చు. మా అమ్మకు ఈ విద్యలో మంచి గురి ఉండేది. ఒక చంకలో నన్ను, రెండో చేతిలో తువ్వాలును పట్టుకుని పరుగెత్తేది. రెండింటిలో ఏది విసరాలో ఎన్నడూ పొరబడలేదు కనుకనే ఈ సంగతి చెప్పడానికి నేను మిగిలాను.

నా కాళ్ళు పుట్టుకతోనే బిగుసుకుపోయాయి. దాని గురించి చుట్టాలు కావలసినంత ఏడ్చారు కనుక నేను వేరే ఏడవవలసిన పని లేకపోయింది. నాకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి, ఇలాంటి పిల్లలున్న తల్లులకు ఆత్మకూరులో కుట్టుపని నేర్పిస్తున్నారని ఎవరో చెబితే అమ్మ వెళ్ళి చేరింది. చివరిదాకా ఉండి నేర్చుకున్నవాళ్ళకు ఒక మిషను ఇస్తారు. నన్ను ఇంట్లో వదిలి కూలికి పోయే వీలు లేదు, చేలో కూర్చోబెట్టి కలుపు తీసే వీలూ లేదు. ఇంటి పట్టున ఉండి నాలుగు రాళ్ళు తెచ్చుకోవాలంటే అమ్మకు ఆ మిషను తప్ప దారి లేదు.

చర్చి పక్కన ఒక రేకుల హాలు. అందులో రెండు వరసల్లో కాలిమిషన్లు, నేలకు బోల్టులు వేసి బిగించినవి. ఒక చివర గోడ వారగా పొడుగాటి చాప, దాని మీద పిల్లలం. కత్తెరలు, సూదులు ఉండే చోటు కాబట్టి పిల్లలు చాప దిగకూడదని, చాప గోడను వదలకూడదని నెల్లూరు నుంచి వచ్చే టైలరింగ్ మేడమ్ మొదటిరోజే ఆర్డరు వేసింది. మాలో సగంమందిమి దిగమన్నా దిగలేమని ఆమెకు తట్టలేదు.

ఒక వరస పొట్టిది కాబట్టి చాపకు దగ్గరగా ఒకే ఒక్క మిషను ఉండేది. అక్కడ కూర్చుంటే, కుడుతూనే చెయ్యి చాపితే బిడ్డ తగులుతుంది. మా బస్సు ముందు వచ్చేది. అమ్మ నన్ను చాప మీద దించి, ఆ మిషను మీద తువ్వాలు పరిచి, నింపాదిగా టీ తాగడానికి పోయేది. అదే మిషను కావలసిన మనిషి ఇంకొకామె ఉంది. ఆమెది ఏఎస్ పేట, దర్గా దగ్గర పూలమ్మేది. నేను పేట పెద్దమ్మ అనేదాన్ని. ఆమె కొడుక్కి ఐదేళ్ళు. వాడికి మాట రాదు, మూర్ఛ మాత్రం చెప్పకుండా వచ్చేది.

"వానికి వచ్చిందంటే పక్కకు తిప్పాల. నోట్లో ఏందీ పెట్టగూడదు. గట్టిగా అదిమి పట్టుకోగూడదు. ఆ మూల నుంచి నేనెట్ట వచ్చేది? నీ కూతురికేంది, నోరుండాది. అరిస్తే ఆత్మకూరంతా వింటాది."

"నోరుంటే కాళ్ళొస్తాయా? దాన్ని ఒంటికి తీసకపోవాలన్నా నేనే ఎత్తాల. ముందొచ్చినాను, తువ్వాలేసినాను. నీకంత కావాలంటే ముందు ఆటో ఎక్కు."

రోజూ ఇవే మాటలు, ఇదే వరసలో. చాప మీది పిల్లలందరికీ ఎక్కాల్లాగా నోటికొచ్చేశాయి. ఎక్కాలు మాత్రం రాలేదు.

ఒకరోజు అమ్మ టీ తాగి వచ్చేసరికి మిషను మీద తువ్వాలు లేదు. మర్నాడు పేట పెద్దమ్మ కొడుకు కొత్త నిక్కరుతో దిగాడు. ఎర్ర గళ్ళు, నీలం అంచు. ఆ అంచు వాడి పిర్రల మధ్యగా గీత గీసినట్టు నిలబడి ఉంది.

"ఏమ్మే, నా తువ్వాలు కోసినావా?"

"మిషను మీద గుడ్డుంటే కుట్టమనే గదా. నిక్కరు పాఠం జరగతా ఉండాది, చూళ్ళా?"

ఇంకొక్క మాట వినపడితే ఇద్దరినీ పంపించేస్తానంది మేడమ్. పంపించేస్తే మిషనూ పోయినట్టే. అప్పటినుంచి ఇద్దరూ కళ్ళతోనే తిట్టుకున్నారు. అది ఇంకా పెద్దగా వినపడేది.

ఆ రోజుల్లోనే వాడికి మూర్ఛ వచ్చింది. నా పక్కనే పడ్డాడు. నాకున్న ఒకే ఆస్తి నోరు కనుక అరిచాను. వాళ్ళమ్మ హాలు అవతలి మూల ఉంది. నడుమ మిషన్లు, స్టూళ్ళు, గుడ్డల మూటలు. చేతిలో ఇనుము పెట్టాలంటూ మేడమ్ కత్తెర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పిల్లల దగ్గరికి కత్తెర రాకూడదన్న రూలు ఆమెదే. మా అమ్మ మోచేత్తో ఆమెను నెట్టేసి, వాణ్ణి పక్కకు తిప్పి, తల కింద కొంగు మడిచి పెట్టి, వాడి నోటి జోలికి ఎవరినీ రానివ్వకుండా కూర్చుంది. ఇదంతా ఆమెకు ఎవరు నేర్పారని అడగనక్కరలేదు. రోజూ తిట్లలో వింటున్నదే. పేట పెద్దమ్మ వచ్చి పడేసరికి వాడి ఒళ్ళు సడలింది. నిక్కరు తడిసిపోయింది. ఎంతైనా తువ్వాలు గుడ్డ కదా, తన పని తాను చేసింది.

సినిమాలో అయితే ఇక్కడ ఇద్దరూ వాటేసుకుని ఏడవాలి. పేట పెద్దమ్మ కొడుకును ఒళ్ళోకి తీసుకుని, "కొంగు చాలదు, మెత్తగా ఏదన్నా పెట్టాల" అంది. "మెత్తంది ఒకటుండె, దాన్ని నువ్వు కోసేస్తివి" అంది మా అమ్మ.

మర్నాడు అమ్మ నన్ను దించి, ఆ మిషను మీద కొత్త తువ్వాలు పరిచింది. పేట పెద్దమ్మ నేరుగా అటే వస్తుంటే కొంగు బిగించింది. ఆమె మిషను వంక చూడనైనా చూడలేదు. వంగి చాప రెండు మూలలూ పట్టుకుని, పిల్లలందరితో సహా లాగడం మొదలుపెట్టింది. నేను "రైట్ రైట్" అని అరిచాను. చాప బర్రుమంటూ రెండు వరసల మధ్య నడవలోకి వచ్చి ఆగింది. ఇప్పుడు ప్రతి మిషనూ చాప పక్కదే.

"నీ మిషను నువ్వే ఉంచుకో," అంది రొప్పుతూ. "నీ మీద ప్రేమ గాదు. నాకూ నా బిడ్డకూ నడుమ అన్ని మిషన్లు వద్దు."

నేలకు బిగించిన మిషను కోసం ఇన్నాళ్ళు కొట్టుకున్నారే గానీ, చాపకు బోల్టులు లేవని ఎవరికీ తోచలేదు.

మేడమ్ వచ్చి చూసి, చాప గోడకు పోవాలి, లేదా ఇద్దరూ బయటికి పోవాలి అంది. ఎవరికైనా కత్తెర తగిలితే తనదే కదా బాధ్యత! మా అమ్మ లేచి, "నిన్న కత్తెర పట్టుకోని పిల్లోని మీదికి ఉరికిందెవరు మేడమ్?" అంది. పేట పెద్దమ్మ అందుకుంది. "కత్తెర్లు మేకులకు తగిలిస్తాం. బిడ్డల్ని తగిలించలేం గదా." ఇద్దరూ కలిసి మూడో మనిషిని తిట్టడం అప్పుడే చూశాను. అంత అందంగా ఉంటుందనుకోలేదు. మిగతా తల్లులందరూ పెడళ్ళ మీంచి కాళ్ళు తీసేశారు. మిషన్లన్నీ ఆగాయి. సంగతి తెలియక చేతిగుడ్డ కుట్టుకుంటూ పోయిన ఒకామెను మినహాయించాలి. మేడమ్ ఆ చప్పుడు వైపు చూసి, చాప వైపు చూసి, కత్తెరలన్నీ మేకులకు తగిలించాలని తన సొంత ఆలోచనలాగా ఆర్డరు వేసి వెళ్ళిపోయింది.

ఇద్దరికీ మిషన్లు వచ్చాయి. స్నేహం మాత్రం రాలేదు. దర్గాకు పోతే అమ్మ ఇప్పటికీ ఆమె దగ్గరే పూలు కొని, వాడిపోయినవి ఇచ్చిందని బస్సు ఎక్కేదాకా తిడుతుంది. ఉదయగిరిలో మా ఇంటి వసారాలోనే ఇప్పుడు మా కుట్టుకొట్టు. తొక్కడం అమ్మది, కత్తిరించడం నాది. నాకింకా తల నెరవలేదు గానీ, కుట్టించుకోవడానికి తల్లుల వెంట వచ్చే పిల్లలు నన్ను పెద్దమ్మా అంటారు కనుక, పెద్దదాని హోదాలో ఒక్క ముక్క చెబుతాను. ఎక్కడైనా ఇద్దరు ఒకే చోటు కోసం కొట్టుకుంటుంటే నేను ముందు నేల వంక చూస్తాను. చాప ఉంటే లాగమంటాను. లేకపోతే, నా తువ్వాలు తీసి దాచుకుంటాను.