అరవై ఐదు వాట్ల భయం

ధరూర్ చుట్టుపక్కల ఊళ్ళలో ఒకప్పుడు కరెంటు పోతే జనం ముందు ఫోన్ చేసేది మల్లేశ్‌కే. పదకొండేళ్ళపాటు అతను లైన్‌మన్ పని చేశాడు. గాలివానకు తెగిపడ్డ తీగలు కట్టాడు, వేరుశనగ చేలలో కాలిపోయిన ఫ్యూజులు మార్చాడు, దసరా పూట కూడా స్తంభం మీదే ఉన్నాడు. ఆ మల్లేశ్ ఇప్పుడు స్విచ్చు ముట్టుకోడు. ఎండాకాలంలో భార్య మంజుల చేను నుంచి వచ్చి ఫ్యాను వేసేదాకా చెమటలు కారుతూ గడప దగ్గర కూర్చుంటాడు.

రెండేళ్ళ కింద ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జంపరు, అంటే లైన్లను కలిపే తీగ ముక్క, ఊడిందని స్తంభం ఎక్కాడు. లైను బందు చేయించే ఎక్కాడు. కానీ పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా తీగలకు ఎర్త్ తగిలించలేదు. ఐదు నిమిషాల పనే కదా అనుకున్నాడు. అదే సమయంలో ఊళ్ళో ఒక పెళ్ళివారు జనరేటర్ తెచ్చి, మెయిన్ స్విచ్చు దించకుండానే ఇంటి తీగకు కలిపారు. ఆ కరెంటు వెనక్కి నడిచి, ట్రాన్స్‌ఫార్మర్‌లో పదకొండు వేల వోల్టులై, మల్లేశ్ కుడిచేతిని పట్టుకుంది. కర్నూలు దవాఖానలో నలభై రోజులున్నాడు. చిటికెన వేలు, ఉంగరం వేలు పోయాయి. మిగిలిన మూడూ కట్టెల్లా బిగుసుకున్నాయి.

ఆ మూడింటిని వంచడానికి వనపర్తిలో ఫిజియోథెరపీ చేసే పూజ దగ్గరికి వారానికొకసారి వెళ్ళేవాడు. బంతి పిసకమంటే నొప్పికి ఏడ్చేవాడు. ఒకరోజు ఆమె విసిగిపోయి, తన గదిలోని కంప్యూటర్‌కు తగిలించిన స్టీరింగ్ అతని చేతికిచ్చింది. తెర మీద ఘాట్ రోడ్డు, దాని మీద లారీ. మలుపులో లారీ లోయలోకి జారుతుంటే మల్లేశ్ గట్టిగా స్టీరింగ్ పట్టుకున్నాడు. పట్టుకున్నాక చూసుకున్నాడు. మూడు వేళ్ళూ వంగి ఉన్నాయి.

"ఇంట్ల గూడ గిట్ల రోజుకో గంట ఆడాలె అన్నా," అంది పూజ. "మామూలు కంప్యూటర్ల ఈ ఆట నడవదు. గేమింగ్‌ది తీస్కోవాలె."

ఆ మాట మల్లేశ్‌ను మళ్ళీ భయపెట్టింది. పెద్ద కంప్యూటర్ అంటే పెద్ద కరెంటు. అది ఇంట్లోకి వస్తుంది. అతను పడుకునే మంచానికి నాలుగడుగుల దూరంలో ఉంటుంది.

గద్వాలలో వనజ అనే ఆమెకు కంప్యూటర్ల దుకాణం ఉంది. విడిభాగాలు తెప్పించి తానే బిగించి ఇస్తుంది. మంజుల పట్టుబట్టి భర్తను అక్కడికి తీసుకెళ్ళింది. వనజ బల్ల మీద రెండు చిన్న పెట్టెలు పెట్టింది.

"ఇది ఇంటెల్ ప్రాసెసర్, ఇది ఏఎండీది. కంప్యూటర్‌కు మెదడంటే ఇదే తమ్మీ. నీ ఆటకు రెండూ మంచిగనే నడుస్తయి. ఏది ఎయ్యాలె చెప్పు."

వచ్చేవాళ్ళంతా ఏది స్పీడని అడుగుతారు. మల్లేశ్ గడప అవతలే నిలబడ్డాడు. రబ్బరు చెప్పులు విప్పలేదు.

"ఏది ఎంత కరెంటు తింటదక్కా?"

"పెట్టె మీద రెంటికీ అరవై ఐదు వాట్లనే ఉంటది."

"జోరుమీదున్నప్పుడు?"

వనజ అతని ముఖంలోకి చూసింది. ఆ మనిషి ఊరికే అడగడం లేదు. మూడు వారాలుగా మల్లేశ్ ఫోన్లో అవే వీడియోలు చూస్తున్నాడు. పని ఎక్కువైతే ఇంటెల్‌ది అరవై ఐదుకు రెట్టింపు కూడా లాగుతుందని ఒకతను చెప్పాడు. ఏఎండీది అంత లాగదుగాని, తొంభై ఐదు డిగ్రీలు వేడెక్కినా దానికేం కాదని ఇంకొకతను నవ్వుతూ చెప్పాడు. తొంభై ఐదంటే దాదాపు నీళ్ళు మరిగేంత వేడి. ఆ వీడియో చూస్తూ మల్లేశ్ ఫోను పడేశాడు. కాలిన తన చేతి వాసన ముక్కుకు తగిలింది.

"ఒకటి కరెంటుతోని భయపెడ్తున్నది, ఇంకోటి వేడితోని," అన్నాడు.

"ఆ వేడి గోరంత జాగల ఉంటది తమ్మీ. పైన ఫ్యాను ఉంటది. లోపలికి పోయేది ఒక్క వోల్టు, అంతకన్న జర ఎక్కువ. గంతే."

"మరి యాంప్‌లు ఎన్ని?"

వనజ అబద్ధం చెప్పలేదు. "అరవై, డెబ్బై దాకా పోతయి."

మల్లేశ్ ముఖం పాలిపోయింది. వెనక్కి తిరిగి రోడ్డెక్కాడు. షేర్ ఆటోలు హారన్లు కొడుతున్నా పక్కకు జరగలేదు. మంజుల పరుగున వచ్చి రెక్క పట్టుకుని ఒక హోటల్ అరుగు మీద కూర్చోబెట్టింది. అతని చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

"ఒక్క వోల్టు మనిషిని ఏం జేయదని నాకు తెల్వదా?" అన్నాడు. "డెబ్బై యాంప్‌లు గాదు, ఏడు వందలున్నా తోలు దాటి రాదు. పదకొండేండ్లు చేసిన పని. నాకు తెల్సు. ఈ చెయ్యికే తెల్వదు."

మంజుల అతనికి చాయ్ ఇప్పించింది. "నాకు భయం లేదనుకుంటున్నవా? ఆ దినం పత్తి ఏరుతుంటే ఫోనొచ్చింది. ఇప్పటికీ ఫోను మోగితే కాళ్ళు చల్లబడ్తయి. ఇంట్ల స్విచ్చు ఏసినప్పుడల్లా కండ్లు మూసుకునే ఏస్త. నువ్వు చూడలే."

మల్లేశ్ నిజంగానే చూడలేదు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో భయపడేది తానొక్కడే అనుకున్నాడు. ఆ రోజు వాళ్ళు ఏమీ కొనకుండానే వెళ్ళిపోయారు.

తొమ్మిదో రోజున వనజే ఫోన్ చేసింది. "తమ్మీ, రెండు రకాల మెషీన్లూ ఇయ్యాల దుకాణంల ఉన్నయి. కరెంటు కొలిచే మీటరు పెట్టి నీ ముందరనే ఆడిపిస్త. నువ్వు దూరంకెల్లి చూడు."

వెళ్ళాడు. మొదట గడప దగ్గరే నిలబడ్డాడు. వనజ అదే లారీ ఆటను మొదట ఒకదానిలో, తర్వాత ఇంకోదానిలో నడిపింది. మీటరు మీద అంకెలు కనిపించక మల్లేశ్ ఒక్కో అడుగే లోపలికి వేశాడు. ఆ సాయంత్రం ఆ రెండు మెషీన్లలో, ఇంటెల్ ఉన్నదాని అంకె ఒక్కోసారి ఎగిరి మళ్ళీ దిగుతోంది. ఏఎండీ ఉన్నది ఎక్కి, ఎక్కినచోటే నిలబడింది. తెర మీద చూపే దాని వేడి ఎనభై డిగ్రీలు దాటలేదు.

"రెంటికీ ఇంతకన్న మించి తినకుండ హద్దు పెట్టొచ్చు. పెట్టిస్త," అంది వనజ.

"ఎగిరే అంకెను నేను చూడలేనక్కా. నిలబడ్డదే ఇయ్యి."

అది ఆట వేగంతో సంబంధం లేని ఎంపిక. ఎవరైనా వింటే నవ్వుతారు. వనజ నవ్వలేదు. పెట్టె విప్పి ప్రాసెసర్‌ను అతని కుడి అరచేతిలో పెట్టింది. చిన్న బిస్కెట్టంత ఉంది, చల్లగా ఉంది. కింద సన్నటి బంగారు చుక్కలు. అది జారబోతే మూడు వేళ్ళతో పట్టుకున్నాడు.

కంప్యూటర్ తయారయ్యాక మాత్రం ఇంటికి తేనివ్వలేదు. ఇంటికి ఎర్తింగ్ లేదని గుర్తొచ్చింది. ఊరందరికీ పెట్టుకొమ్మని చెప్పిన మనిషి, తన ఇంటికి పెట్టుకోలేదు. ఇంటి వెనక మూడు రోజులు గుంత తవ్వాడు. గడ్డపార తగిలినప్పుడల్లా చేతి మచ్చ మండింది. ఇనుప పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేశాడు. మంజుల బిందెలతో నీళ్ళు పోసింది. ఇక మిగిలింది తీగను బోర్డుకు బిగించడం. అది ఇంకెవరికైనా అప్పగించవచ్చు. కానీ ఇంకొకరి బిగింపు మీద అతనికి నమ్మకం లేదు.

"మెయిన్ దించు. ఫ్యూజు పీకి నీ కొంగుల ముడేస్కో," అన్నాడు మంజులతో. "నేను బయటికొచ్చి అడిగేదాక ఇయ్యకు. ఎవరొచ్చి అడిగినా ఇయ్యకు."

మంజుల ముడేసుకుంది. అతను టెస్టర్‌తో ఒకసారి చూశాడు, మళ్ళీ చూశాడు, ఆరుసార్లు చూశాడు. చెయ్యి బోర్డు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ మంజుల రెండు చేతులతో కొంగు ముడిని పట్టుకుని అతని వంకే చూస్తోంది.

"ఉన్నదా?" అని అరిచాడు.

"ఉన్నది. నా చేతులనే ఉన్నది."

స్క్రూ తిప్పాడు. జారింది. మళ్ళీ తిప్పాడు. పావుగంట పట్టాల్సిన పనికి రెండు గంటలు పట్టింది. బయటికొచ్చి గోడ పక్కన వాంతి చేసుకున్నాడు. అప్పటికి గాని ఫ్యూజు అడగలేదు.

మర్నాడు వనజ కంప్యూటర్, స్టీరింగ్ తెచ్చి అమర్చి, కరెంటు కొలిచే మీటరును గోడకు బిగించింది. మంజుల కళ్ళు తెరిచే స్విచ్చు వేసింది. లోపలి ఫ్యాను చప్పుడుకు మల్లేశ్ కుర్చీలో ఎగిరిపడ్డాడు. మొదటి వారం పది నిమిషాలకు మించి కూర్చోలేకపోయాడు. ఒకసారి ఆట మధ్యలో కరెంటు పోయి వచ్చింది. ట్యూబులైటు టపటప కొట్టుకుంటే వాకిట్లోకి పరుగెత్తి వేపచెట్టు దగ్గర ఆగాడు. అరగంట తర్వాత తానే లోపలికి వెళ్ళి, ఆట మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు రోజూ గంటసేపు లారీ తోలుతాడు. కుడిచేత్తో ముద్ద కలుపుకుంటాడు, కటింగ్ ప్లయర్ పట్టుకుంటాడు. మీటరు ఇంకా గోడకే ఉంది. అంకె ఏమాత్రం పైకి కదిలినా లారీని రోడ్డు పక్కన ఆపి చూస్తాడు.

మొన్న ఊళ్ళోని ఈరన్న వచ్చాడు. చేలో మోటారు స్టార్టర్ డబ్బా షాక్ కొడుతోందట.

"నువ్వైతేనే మంచిగ చేస్తవు మల్లేశూ. జర వచ్చి ఎర్తింగ్ పెట్టు."

మల్లేశ్ రెండుసార్లు రానన్నాడు. మూడోసారి అడగడానికి ఈరన్న కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. మోటారు వేయడానికి రోజూ వెళ్ళేది ఆ పిల్లేనట. మల్లేశ్ ఆమె చేతుల వంక చూశాడు. ఇంట్లోకి వెళ్ళి చెప్పులేసుకుని వచ్చాడు.

"స్తంభం మాత్రం నేను ఎక్క," అన్నాడు. "కిందిది చేస్త. పా."