రేకుల గుడిలో ఆదివారం ప్రార్థన

ఉక్కు ఫ్యాక్టరీ కింద మా ఊరు పోయినప్పుడు మా ఏసుప్రభువు గుడి కూడా పోయింది. మమ్మల్ని తెచ్చిపెట్టిన కాలనీలో చుట్టూ తడికలు కట్టి, పైన రేకులు వేసుకుని, దాన్నే గుడి అన్నాం. ఫాదర్ గారు చూసుకునే విచారణలో మాతో పాటు చాలా ఊళ్ళుండేవి. నెలకోసారి వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. మిగతా ఆదివారాలు ఉపదేశిగా ఉన్న మా పెదనాన్న ప్రార్థన చేయించేవాడు. ఆయన పోయాక ఆ ఆదివారాల్లో గుడి తలుపు తీసే దిక్కు లేకపోయింది.

నాకది నచ్చలేదు. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని బైబిల్లోని సువిశేషం చదివినదాన్ని. మా వసారాలో చాప పరిచి ఆడవాళ్ళని పిలిచాను. చదివి, మన మాటల్లో చెప్పేదాన్ని. మగవాళ్ళు వీధిలో నిలబడి విని వెళ్ళిపోయేవారు.

ఎనభైల్లో ఒక ఎండాకాలం మా మేత్రాసన పీఠాధిపతి, ఫాదర్లందరికీ పెద్దయిన బిషప్ గారు, కాలనీకి వచ్చారు. పూజ అయ్యాక, వేసిన కుర్చీ పక్కకు జరిపి మాతో పాటు చాప మీదే కూర్చున్నారు.

"ఫాదర్ రాని ఆదివారం ఏం చేస్తారు?" అని అడిగారు.

ఆడవాళ్ళు నా వైపు చూశారు. చివరికి మా అమ్మే అంది. "మా పిల్ల సేయిస్తంది బాబూ, మా ఇంటికాడ."

"అయితే ఇప్పుడు చేయించమ్మా. నేనూ వింటాను."

లేచి, బండ మీద కట్టినవాడి ఇల్లు గాలివానకి నిలిచిందనీ, ఇసుక మీద కట్టినవాడిది కూలిందనీ ఉన్న చోటు చదివాను. "మన ఇళ్ళు గాలివానకి పడిపోలేదు. పొమ్మంటే వచ్చీసినాం. మరి మనకి మిగిలిన బండ ఏటి?" అని ఎప్పట్లాగే ఆడవాళ్ళని అడిగాను.

జవాబు వెనకనుంచి వచ్చింది. ఊరిపెద్ద, గుంజకి ఆనుకుని కూర్చున్నవాడు, నెమ్మదిగా అన్నాడు. "మా నాయన సమాధి మన్ను గుప్పెడు తెచ్చినాను. కొత్తిల్లు పునాదిలో ఏసినాను."

ఆ సంగతి అతని భార్యకే తెలీదు. వెనక్కి తిరిగి అతని వంక చూసింది. అప్పుడు ఒకరి తర్వాత ఒకరు నోరు విప్పారు. పీఠాధిపతి చివరిదాకా విన్నారు.

అందరూ అయ్యాక ఊరిపెద్దే అడిగాడు. "ఆడకూతురు గుడిలో ముందు నిలబడొచ్చా బాబూ?"

"పూజ ఫాదర్ చేస్తారు. ప్రార్థనకి ఈమె ఎప్పుడో నిలబడింది. నన్నడిగి నిలబడిందా?" అన్నారాయన. జనం నవ్వారు, ఊరిపెద్ద కూడా. "వచ్చే ఆదివారం నుంచి గుడిలోనే చేయించు" అని నాతో చెప్పి లేచారు.

ఆ ఆదివారం తలుపు నేనే తీశాను. కొందరు మగవాళ్ళు గడప బయటే ఆగారు. ఊరిపెద్ద భార్యతో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నేను మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపాడు.

"గట్టిగా సదువమ్మా, బయటోళ్ళకి ఇనబడాల."

గొంతు పెంచి మళ్ళీ మొదటినుంచి చదివాను.